చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్: నిరాశ్రయులు, నివాస అవసరం, నగరపాలక ప్రణాళిక

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ హైదరాబాద్ నడిబొడ్డున ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్న పేటలు. హుస్సేన్‌సాగర్ మిగులు నీటిని మూసీలో కలిపే నాలా వీటి పక్కనుంచే పారుతుంది. 2020 ఫిబ్రవరిలో మొదలైన జూబ్లీ బస్ స్టేషన్–ఎంజీబీఎస్ మెట్రో మార్గంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ వరుసగా వచ్చే స్టేషన్లు. కూరగాయల మార్కెట్, సినిమా హాళ్లు, త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం, పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ అల్లుకున్న హాస్టళ్లు, మెస్‌లు, జిరాక్స్ షాపులు ఈ పేటలకు గుర్తులు. ఇక్కడ రాత్రి గడిపేవాళ్లలో సొంత ఫ్లాట్ ఉన్న పాతకాపులున్నారు, నాలా ఒడ్డు బస్తీల్లో రెండు మూడు తరాలుగా ఉంటున్నవాళ్లున్నారు, నలుగురు పట్టే గదిలో ఒక మంచం కిరాయికి తీసుకున్న ఉద్యోగార్థులున్నారు, ఫుట్‌పాత్ మీదనో ఫ్లైఓవర్ కిందనో నడుం వాల్చేవాళ్లూ ఉన్నారు. ఈ అందరి నివాస అవసరాన్నీ చూడవలసిన స్థానిక సంస్థ హైదరాబాద్ మహానగరపాలక సంస్థ, అంటే జీహెచ్ఎంసీ. గత రెండు దశాబ్దాల్లో ఆ సంస్థ, దాని వెనక ఉన్న రాష్ట్ర ప్రభుత్వం చేసిన ప్రణాళికలన్నీ ప్రధానంగా కట్టిన ఇళ్ల సంఖ్యతోనే తమ పనిని కొలుచుకున్నాయి. ఈ మూడు పేటల అనుభవం చూస్తే ఆ కొలమానం చాలదు. ఇక్కడ కొరత ఉన్నది పని, చదువు, ఆసుపత్రి నడిచి వెళ్లేంత దూరంలో ఉండే నీడకు. ఆ నీడ కొందరికి సొంత ఇల్లు కావచ్చు, కొందరికి కిరాయి గది, మరికొందరికి షెల్టర్‌లో పరుపు. ఎవరికి ఏది కావాలో పేట వారీగా తేల్చని ప్రణాళిక ఎన్ని వేల ఇళ్లు కట్టినా ఇక్కడి ఫుట్‌పాత్ ఖాళీ కాదు.

నిరాశ్రయులు ఎవరు

భారత జనగణన లెక్కలో ఇల్లు లేనివారంటే రోడ్డు పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుడి ఆవరణల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఆరుబయట రాత్రి గడిపేవాళ్లు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి వీళ్లను ప్రత్యేకంగా లెక్కించారు. దేశం మొత్తం మీద సుమారు 17.73 లక్షల మంది, అందులో పట్టణాల్లో 9.38 లక్షల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షల మంది తేలారు. ఒకే రాత్రి చేసిన లెక్క కాబట్టి ఇది తక్కువే అయివుంటుంది. షట్టర్ ముందు పడుకొని తెల్లవారకముందే అడ్డాకు వెళ్లిపోయే కూలీ, పోలీసులు లేపుతారని రోజుకో చోట తలదాచుకునే ముసలమ్మ, బంధువు రోగంతో ఆసుపత్రి వరండాలో వారాల తరబడి ఉండే పల్లె మనిషి ఎన్యూమరేటర్ కంట పడటం కష్టం. ఈ పేటలకు ఒక పక్క ముషీరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి, మరో పక్క కింగ్‌కోఠి ఆసుపత్రి, ఇంకో పక్క కాచిగూడ రైల్వే స్టేషన్ ఉన్నాయి. ఈ మూడింటి మధ్య తిరుగాడే జనంలో కొందరు ఊరికి తిరిగిపోతారు, కొందరు ఇక్కడే మిగిలిపోతారు.

జనగణన నిర్వచనంలోకి రాని నివాస అవసరం దీనికంటే పెద్దది. నాలా ఒడ్డున ఇల్లున్న కుటుంబం కాగితాల మీద నిరాశ్రయ కుటుంబం కాదు. కానీ 2020 అక్టోబరు 13 నాటి కుండపోతలో హుస్సేన్‌సాగర్ నాలా పొంగినప్పుడు ఆ ఇళ్లలో బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు నీళ్లపాలయ్యాయి. వరద బాధిత కుటుంబాలకు ప్రభుత్వం 10,000 రూపాయల సాయం ప్రకటించింది. నాలాను బాగుచేసే పనులు తరువాత మొదలయ్యాయి. ఆ కుటుంబాల నివాస హక్కు మాత్రం తేలలేదు. 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 ప్రభుత్వ భూమిలో 125 చదరపు గజాల దాకా కట్టుకున్న పేదల ఇళ్లను ఉచితంగా క్రమబద్ధం చేస్తామంది. కానీ నీటి దారులను ఆనుకొని ఉన్న భూమి ఆ వరం పరిధిలోకి రాదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు 9 మీటర్ల దూరం వదలాలంటాయి. నీటి దారిని కాపాడటానికి ఆ నిబంధన అవసరమే. కానీ అది పుట్టకముందే అక్కడ కాపురం పెట్టినవాళ్లను అది ఎటూ కాకుండా నిలబెట్టింది. పట్టా ఇవ్వరు, ఖాళీ చేయించరు, చేయిస్తే ఎక్కడికి పంపుతారో ముందుగా చెప్పరు.

ఊరవతల కట్టిన ఇళ్లు

తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల పథకం దేశంలోని పేదల గృహ పథకాల్లో ఉదారమైనవాటిలో ఒకటి. 560 చదరపు అడుగుల ఇల్లు, లబ్ధిదారు చేతి నుంచి ఒక్క రూపాయి పడదు. సికింద్రాబాద్‌లోని ఐడీహెచ్ కాలనీలో శిథిలమైన పాత ఇళ్ల స్థానంలో 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో అదే కుటుంబాలకు ఇచ్చినప్పుడు ఈ పథకం ఎలా ఉండగలదో నగరం చూసింది. బడి మారలేదు, పని మారలేదు, ఇరుగుపొరుగు మారలేదు. ఇల్లు మాత్రం మారింది. తరువాత జీహెచ్ఎంసీ పరిధిలో లక్ష ఇళ్ల లక్ష్యం పెట్టుకొని 111 చోట్ల నిర్మాణం చేపట్టారు. ఆ 111లో 40 చోట్లే బస్తీ ఉన్నచోటే కట్టినవి, తక్కిన 71 ఖాళీ స్థలాలు. ఇళ్ల సంఖ్యలో తేడా ఇంకా ఎక్కువ: బస్తీల్లో 9 వేల లోపు, ఖాళీ స్థలాల్లో 91 వేల పైచిలుకు. ఖాళీ స్థలాలంటే చాలామటుకు నగరం అంచులే. అన్నిటికంటే పెద్దదైన కొల్లూరు సముదాయంలో 117 బ్లాకుల్లో 15,660 ఇళ్లున్నాయి. 2023 జూన్‌లో ప్రారంభమైన ఆ సముదాయం సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, చిక్కడపల్లికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఉంది.

ఆ దూరమే అసలు సంగతి. నారాయణగూడలో నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషి పొద్దున ఆరు గంటలకు మొదటి ఇంట్లో ఉండాలి, మళ్లీ సాయంత్రం గిన్నెలు తోమడానికి రావాలి. కొల్లూరు నుంచి అది సాధ్యం కాదు. చిక్కడపల్లి మార్కెట్‌లో తెల్లవారుజామున తట్ట దించే హమాలీకీ, రాత్రి చివరి ఆట వదిలాక ఇడ్లీ బండి కట్టేసే వ్యాపారికీ సాధ్యం కాదు. ఉచితంగా వచ్చిన ఇంటికి తాళం వేసి తమ పాత బస్తీలోనే కిరాయికి ఉండేవాళ్లను, ఆ ఇంటిని మరొకరికి కిరాయికి ఇచ్చుకున్నవాళ్లను తప్పుపట్టడం తేలిక. అలాంటి ఫిర్యాదుల మీద అధికారులు కొల్లూరులో ఇంటింటి తనిఖీలు చేశారు. కానీ ఆ కుటుంబాలు వేసుకున్న లెక్క సరైనదే: ఇల్లు దొరికిందని జీవనం పోగొట్టుకోలేరు కదా. ప్రణాళిక వేసినవాళ్లు కాగితం మీద తేల్చుకోని దూరాన్ని లబ్ధిదారులు తమ బతుకుల్లో తేల్చుకున్నారు. నగరంలో ఈ ఇళ్లకు 7 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, 2023 సెప్టెంబరు నుంచి లాటరీ తీసి పంచారు. లాటరీ పక్షపాతాన్ని తొలగిస్తుంది, అది దాని మేలు. ఎవరి పని ఎక్కడ అన్నది మాత్రం లాటరీకి కనబడదు. ముషీరాబాద్ నియోజకవర్గపు దరఖాస్తుదారు నగరం మరో అంచున ఇల్లు గెలుచుకోవచ్చు.

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం మరో దారి పట్టింది. సొంత జాగా ఉన్నవాళ్లకు ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షల రూపాయలు, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇది బాగా నడిచే పద్ధతి. చిక్కడపల్లి పేదవాడికి సొంత జాగా ఎక్కడిది? గజం భూమి ధర అతని ఏళ్ల సంపాదన మింగే చోట జాగా షరతు పెట్టిన పథకం అతని గుమ్మం దాకా రాదు. రెండు ప్రభుత్వాలు రెండు పథకాలు పెట్టాయి. ఒకటి ఇల్లిచ్చి చోటు మార్చింది, ఇంకొకటి చోటు నీదైతే ఇల్లిస్తానంది. ఈ పేటల్లోనే కిరాయికి ఉండి, ఈ పేటల్లోనే పనిచేసే కుటుంబానికి రెంటిలోనూ తావు దొరకలేదు.

నగరం ఇంతకుముందు చేసి చూపినది

దగ్గరలో నీడ కల్పించడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తీసేసినప్పుడు తక్కువ కిరాయి ఇళ్లు కట్టి ఇచ్చింది. ఆ బోర్డు చూపు ఆరోగ్యం మీద, వీధుల అందం మీద ఉండేదన్నది నిజమే. అయినా కూల్చడం, కట్టడం ఒకే సంస్థ బాధ్యత కావడం వల్ల రెండోది మరుగున పడే అవకాశం తగ్గింది. నాంపల్లి స్టేషన్ ఎదుట ప్రయాణికుల కోసం కట్టిన సరాయి కూడా ఆ కాలపు ఆలోచనే: ఊరికి వచ్చినవాడు స్టేషన్ దిగిన చోటే తలదాచుకోవాలి.

అంతకంటే గట్టి పాఠం 1967లో నగరపాలక సంస్థలో మొదలైన పట్టణ సముదాయ అభివృద్ధి విభాగానిది. యునిసెఫ్ సాయం, తరువాత బ్రిటిష్ ప్రభుత్వ సాయం అందుకున్న ఈ విభాగం బస్తీని కూల్చవలసిన మచ్చగా చూడలేదు. ముందు బస్తీవాళ్లతో కూర్చొని మాట్లాడింది. ఉన్నచోటే పట్టాలిప్పించి, బ్యాంకు రుణాలు ఇప్పించి, గుడిసె స్థానంలో పక్కా ఇల్లు వాళ్లే కట్టుకునేలా చేసింది. అప్పట్లో దేశ విదేశాల పట్టణ ప్రణాళికా నిపుణులు హైదరాబాద్ పద్ధతిని ఉదాహరణగా చెప్పుకున్నారు. ఆ విభాగం ఇప్పటికీ జీహెచ్ఎంసీలో ఉంది, నిరాశ్రయుల షెల్టర్లు చూసేదీ అదే. కానీ ఇళ్ల నిర్మాణం ఇంజినీర్ల చేతికి, లబ్ధిదారుల ఎంపిక రెవెన్యూ అధికారుల చేతికి పోయాక బస్తీని ఎరిగిన విభాగం పొదుపు సంఘాల లెక్కలకే ఎక్కువగా పరిమితమైంది. నా దృష్టిలో ఈ నగరం తన గృహ విధానంలో చేసుకున్న పెద్ద నష్టం ఇదే.

ఇటీవలి ఉదాహరణలు రెండు చాలు. 2014 మార్చిలో మొదలైన ఐదు రూపాయల భోజన కేంద్రాలను జీహెచ్ఎంసీ ఆసుపత్రులు, కూలీల అడ్డాలు, బస్ స్టాండ్ల దగ్గర పెట్టింది. ఆకలి ఎక్కడుందో అక్కడే కేంద్రం పెట్టాలని ఎవరూ వాదించవలసిన పని లేకపోయింది. కోచింగ్ విద్యార్థులు కూడా అక్కడ కూలీల పక్కన వరుసలో నిలబడి తింటారు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలను చాలావరకు ఉన్న కమ్యూనిటీ హాళ్లలో, ప్రభుత్వ భవనాల్లో తెరిచి కొన్నేళ్లలోనే వందల సంఖ్యకు పెంచారు. తిండికీ, వైద్యానికీ దగ్గరతనమే మొదటి షరతుగా పెట్టుకున్న సంస్థ, పడకకు వచ్చేసరికి ఆ షరతును వదిలేసింది.

షెల్టర్ల లెక్క

ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ల విషయంలో నగరపాలక సంస్థకు ఉన్నది కేవలం దయాధర్మం కాదు. 2010 జనవరిలో ఢిల్లీ చలికి నిరాశ్రయులు చనిపోతున్న సందర్భంలో ఆహార హక్కు కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. తరువాత పెద్ద నగరాలన్నిటిలో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలన్న కొలత స్థిరపడింది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద కేంద్రం తెచ్చిన పథకం దానికి వివరాలు చేర్చింది: షెల్టర్‌కు కనీసం 100 మంది, మనిషికి 50 చదరపు అడుగులు, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి, నిరాశ్రయులు గుమికూడే చోటికి, వాళ్ల పనికి వీలైనంత దగ్గరలో ఉండాలి. అప్పట్లో నిర్మాణ ఖర్చులో 75 శాతం కేంద్రానిది. ఒక మేనేజరు, మూడు షిఫ్టుల్లో కేర్‌టేకర్లు, నిర్వహణకు ఐదేళ్ల సాయం కూడా అందులోనే. సంపాదించే మనిషి తన ఆదాయంలో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు దాకా చెల్లించవచ్చని కూడా ఆ మార్గదర్శకాలు చెప్పాయి. షెల్టర్‌ను బిచ్చంగా చూడని వాక్యం అది, మార్గదర్శకాల్లో నాకు అన్నిటికంటే నచ్చినది. పథకం సరిగా అమలు కావడం లేదన్న ఫిర్యాదుల మీద సుప్రీంకోర్టు 2016 నవంబరులో జస్టిస్ కైలాశ్ గంభీర్ ఆధ్వర్యంలో కమిటీ వేయవలసి వచ్చింది.

2011 లెక్కల ప్రకారం జీహెచ్ఎంసీ పరిధి జనాభా సుమారు 67 లక్షలు. అంటే 67 షెల్టర్లు. గత దశాబ్దంలో నగరంలో నడిచినవి పదిహేనుకు అటూ ఇటూ. వాటిలో కొన్నిటిని అమన్ వేదిక వంటి స్వచ్ఛంద సంస్థలు నడిపాయి, మరికొన్ని పెద్దాసుపత్రుల దగ్గర రోగుల సహాయకుల కోసం వెలిశాయి. నిర్వాహకుల కష్టాన్ని తక్కువ చేయనవసరం లేదు, ఒక్కో షెల్టర్ రాత్రికి పదుల మందిని కాపాడుతోంది. కానీ కావలసిన దాంట్లో నాలుగో వంతు కూడా లేని చోట ఖాళీ పరుపులున్నాయన్న మాట వినిపించినప్పుడు దాన్ని జాగ్రత్తగా పరీక్షించాలి. భార్యాభర్తలను విడదీసే షెల్టర్‌కు కుటుంబం రాదు. తోపుడు బండికి చోటు లేకపోతే బండివాడు బండి పక్కనే పడుకుంటాడు. సామాను దాచుకునే లాకర్ లేకపోతే దుప్పటి, గుర్తింపు కార్డులు ఒంటి మీదే ఉండాలి. రాత్రి పది దాటితే గేటు మూసే చోటికి రెండో ఆట అయ్యాక పనిదిగే మనిషి రాలేడు. షెల్టర్ పక్క పేటలో ఉంటే చిక్కడపల్లి హమాలీకి అది లేనట్టే. ఖాళీ పరుపు చెప్పే సంగతి అవసరం లేదని కాదు, చోటు కుదరలేదని.

హాస్టల్ మంచం

ఈ పేటలకు ప్రత్యేకమైన సంగతి ఉద్యోగార్థుల నివాసం. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు నియామకాల కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చే యువతీయువకులకు అశోక్‌నగర్, చిక్కడపల్లి సందులే చిరునామా. నగర కేంద్ర గ్రంథాలయం వాళ్లకు పగటి ఇల్లు, హాస్టల్ మంచం రాత్రి ఇల్లు. చదువుకునేవాళ్లకు వసతి కల్పించే సంప్రదాయం ఈ నగరానికి కొత్తది కాదు. రాజా బహదూర్ వెంకట రామారెడ్డి 1918లో స్థాపించిన రెడ్డి హాస్టల్, ఆ తరువాత ఇతర కులాల వాళ్లు పెట్టుకున్న వసతి గృహాలు జిల్లాల పిల్లలను హైదరాబాద్ చదువుల దాకా తెచ్చాయి. నారాయణగూడలో 1928లో మాడపాటి హనుమంతరావు తెలుగు బాలికల పాఠశాలను నిలబెట్టిన కాలంలో విద్యకు వసతి ఒక ప్రజా ఉద్యమపు పనిగా ఉండేది. నేడు ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లు కాలేజీలో నమోదైనవాళ్లకే. స్టడీ సర్కిళ్లలో సీట్లు కొద్ది. డిగ్రీ పూర్తయి ఉద్యోగం రాని మధ్యకాలానికి ఏ పథకమూ లేదు, ఆ కాలమే ఇక్కడ ఏళ్లకేళ్లు సాగుతుంది. ఉస్మానియా హాస్టళ్లలో కేటాయింపు లేకుండా నాన్‌బోర్డర్లుగా మిగిలిపోయేవాళ్లు ఆ ఖాళీకి మరో గుర్తు.

ఆ ఏళ్లను పొడిగించింది చాలావరకు ప్రభుత్వమే. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్–1 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకుతో 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన ప్రిలిమ్స్‌ను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన, జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబరు 21 నుంచి మెయిన్స్. మొదటి ప్రకటన నుంచి మెయిన్స్ దాకా రెండున్నరేళ్లు. ఆ రెండున్నరేళ్లలో ప్రతి నెలా హాస్టల్ కిరాయి, మెస్ బిల్లు కట్టింది పల్లెలో పొలమో, పశువులో అమ్ముకున్న తల్లిదండ్రులు. ప్రభుత్వ పరీక్ష వాయిదా పడిన ప్రతిసారీ దాని భారం అశోక్‌నగర్ కిరాయిగా పేదింటి మీద పడుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు నగరంలో హాస్టళ్లు మూతపడి పిల్లలు బ్యాగులతో పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు, ఆంధ్ర సరిహద్దులో చాలామంది ఆగిపోయారు. ఒప్పంద పత్రం లేని మంచానికి ఎంత భద్రత ఉందో ఆ రెండు మూడు రోజుల్లో తేలిపోయింది.

వీళ్లను నిరాశ్రయులతో కలిపి చెప్పడం తగదని ఒక అభ్యంతరం. వీళ్లు చదువుకున్నవాళ్లు, తమంతట తాము వచ్చినవాళ్లు, ఫుట్‌పాత్ మనిషి అవసరం ముందు వీళ్లది చిన్నది. అవసరాల వరుసలో అది నిజమే, ఉచిత పరుపు ముందు ఫుట్‌పాత్ మనిషికే దక్కాలి. కానీ కిరాయి మార్కెట్‌లో వీళ్లిద్దరినీ విడదీయలేం. ఒక కుటుంబానికి ఇచ్చే రెండు గదుల్లో ఎనిమిది మంచాలు వేస్తే యజమానికి కిరాయి ఎక్కువ వస్తుంది. అప్పుడు ఆ కుటుంబం నాలా ఒడ్డుకు జరుగుతుంది, నాలా ఒడ్డున కిరాయి కట్టలేనివాడు రోడ్డు మీదికి వస్తాడు. గ్రంథాలయం చుట్టుపక్కల ప్రభుత్వ నిర్వహణలో మోస్తరు కిరాయి హాస్టళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలకు, వస్తే మొదట తేలికపడేది వాళ్లే అయినా చివరికి ఊపిరి పీల్చుకునేది ఇక్కడి కిరాయి కుటుంబాలు. తమిళనాడు ప్రభుత్వం ఉద్యోగినుల కోసం తోళి పేరుతో హాస్టళ్లు కట్టి ఒక కార్పొరేషన్ ద్వారా కిరాయికి ఇస్తోంది. కిరాయి వస్తుంది కాబట్టి నిర్వహణకు ఏటా బడ్జెట్ కోసం చేయి చాచే అవసరం తగ్గుతుంది. 2020 జూలైలో కేంద్రం తెచ్చిన అందుబాటు కిరాయి గృహాల పథకం ఖాళీ ప్రభుత్వ ఇళ్లను ఇలా వాడుకోమనే చెప్పింది. నెలకు 20,000 రూపాయలు మించని, కనీసం 90 రోజుల హాస్టల్ బసకు 2024లో జీఎస్టీ మినహాయించడం మరో చిన్న మేలు.

భూమి లేదన్న మాట

అన్నిటికంటే తరచుగా వినిపించే అభ్యంతరం నడిబొడ్డున భూమి లేదని, ఉన్నది బంగారం ధర పలుకుతుందని. కుటుంబాలకు ఇళ్ల విషయంలో ఈ మాటకు బలం ఉంది. అందుకే బస్తీ ఉన్నచోటే నిలువుగా కట్టడం తప్ప మార్గం లేదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున అంబేద్కర్ నగర్‌లో 2021లో అలా కట్టి 330 ఇళ్లిచ్చారు కూడా. కానీ షెల్టర్‌కు ఈ మాట వర్తించదు. మార్గదర్శకాల ప్రకారం 100 మందికి కావలసింది 5,000 చదరపు అడుగులు, అంటే ఒక మోస్తరు కమ్యూనిటీ హాలుపై ఒక అంతస్తు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెనకు సుమారు 450 కోట్లు పెట్టి 2023 ఆగస్టులో తెరిచిన నగరానికి, ఆ వంతెన నీడన ఉన్న పేటలో ఒక అంతస్తు వెతకడం అసాధ్యం అనలేం. వంతెన అక్కర్లేదని కాదు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర గంటల తరబడి ఇరుక్కున్నవాళ్లకు అది నిజమైన ఊరటే. నడిబొడ్డున స్థలం, డబ్బు దొరకవన్న మాట ఏ పనికి వర్తిస్తుంది, ఏ పనికి వర్తించదు అన్నదే ప్రశ్న.

షెల్టర్లు పెడితే పల్లెల నుంచి ఇంకా జనం వస్తారన్న భయం రెండోది. మనిషి ఊరొదిలి వచ్చేది కూలి కోసం, వైద్యం కోసం, కొందరు ఇంట్లో కొట్టే చేతి నుంచి తప్పించుకోవడానికి. పరుపు కోసం ఎవరూ ఊరు దాటరు. అడ్డాలో కూలి దొరికినన్నాళ్లు వాళ్లు వస్తూనే ఉంటారు, షెల్టర్ లేకపోతే రాకుండా ఆగరు, రోడ్డు మీద పడుకుంటారు. మూడో అభ్యంతరం మాత్రం బలమైనది: సొంత ఇల్లు ఇచ్చే గౌరవం, భద్రత కిరాయి గది గానీ షెల్టర్ గానీ ఇవ్వలేవు, పేదలకు మాత్రం కిరాయితో సరిపెట్టడం రెండో రకం న్యాయం. 1967 తరువాతి పట్టాల అనుభవం ఈ వాదనకే మద్దతిస్తుంది. పట్టా చేతికొచ్చాకనే బస్తీవాళ్లు ఇటుక మీద ఇటుక పేర్చారు. అందుకే నాలా పక్క కుటుంబాలకు కావలసింది ఒక మైలు లోపల, తమ పేరు మీద ఇల్లే. 2024 అక్టోబరులో మూసీ గర్భంలోంచి తరలించిన కుటుంబాల్లో కొందరికి చంచల్‌గూడ పిల్లిగుడిసెల్లోని డబుల్ బెడ్‌రూం ఇళ్లు దక్కాయి. పని చోటికి దూరం కాని అలాంటి పునరావాసం ముందే సిద్ధమై ఉంటే తరలింపు ఇంత భయపెట్టేది కాదు. కానీ ఒంటరి హమాలీకి, ఏడాది చదువుకు వచ్చిన యువతికి, నెల రోజులు ఆసుపత్రి చుట్టూ తిరిగే తండ్రికి సొంత ఇల్లు సమాధానం కాదు. ఒకే మందు అందరికీ పోయడం వల్లే ఇన్నేళ్ల ఖర్చులో కొంత వృథా అయింది.

పేట వారీ ప్రణాళిక

ఇంగ్లండ్‌లో 2002 నాటి చట్టం ప్రకారం ప్రతి స్థానిక మండలీ తన పరిధిలో నిరాశ్రయుల స్థితిని సమీక్షించి, కనీసం ఐదేళ్లకోసారి లిఖిత ప్రణాళిక ప్రచురించాలి. ఆ ప్రణాళికలు అక్కడ సమస్యను మాయం చేయలేదు. కిరాయిలు పెరిగి, ప్రభుత్వ ఇళ్లు తగ్గిన దేశంలో తాత్కాలిక వసతిలో ఉన్న కుటుంబాలు పెరుగుతూనే వచ్చాయి. అయినా మండలి చెప్పినదీ చేసినదీ పక్కపక్కన పెట్టి అడిగే వీలు పౌరుడికి కలిగింది. మన దేశంలో 74వ రాజ్యాంగ సవరణ బస్తీల మెరుగుదలను, పట్టణ పేదరిక నిర్మూలనను పురపాలనకు అప్పగించదగిన పనుల జాబితాలో చేర్చింది. జీహెచ్ఎంసీ మీద అలాంటి లిఖిత ప్రణాళిక బాధ్యత పడితే చిక్కడపల్లి పరిధికి అందులో ఏముండాలో ఊహించడం కష్టం కాదు: కుటుంబాలను విడదీయని ఒక షెల్టర్, ఆడవాళ్లకు విడిగా మరొకటి, గ్రంథాలయం దగ్గర కిరాయి హాస్టల్, నాలా వెంట ఒక్కో కుటుంబం పేరుతో పునరావాస జాబితా, ఏ ఇల్లు ఎప్పుడు వస్తుందో తేదీతో సహా. ఇవన్నీ చూడవలసింది పట్టణ సముదాయ అభివృద్ధి విభాగమే, పాత అధికారాలు తిరిగి ఇచ్చి.

2021లో జరగవలసిన జనగణన వాయిదాల మీద వాయిదాలు పడి 2027 ఫిబ్రవరికి చేరింది. ఇల్లు లేనివారిని రాత్రిపూట వెతికి లెక్కించడం, హాస్టళ్లలో ఉండేవాళ్లను సంస్థాగత నివాసులుగా నమోదు చేయడం రెండూ ఆ జనగణన పద్ధతిలోనే ఉన్నాయి. వార్డు స్థాయిలో ఆ రెండు అంకెలూ పక్కపక్కన వేస్తే ఈ పేటల్లో ఎన్ని పరుపులు, ఎన్ని గదులు, ఎన్ని ఇళ్లు కావాలో పదహారేళ్లలో మొదటిసారి లెక్క దొరుకుతుంది. ఆ రాత్రి ఎన్యూమరేటర్ వెంట అడ్డాలు, వంతెన కింది మూలలు, ఆసుపత్రి వరండాలు ఎరిగిన షెల్టర్ కేర్‌టేకర్లను పంపడం జీహెచ్ఎంసీ చేతిలో ఉన్న పని. దానికి కొత్త పథకం, కొత్త నిధి అక్కర్లేదు.